ఇరవై ఆరో కాన్పు

గాజుకడ్డీని మంటలో సాగదీసి
వెంట్రుక కన్నా సన్నగా తెంపడం
హెల్యు పాసిక్ నాకు నేర్పిన మొదటి పని.
రెండోది, ఊపిరి బిగబట్టడం.
సూక్ష్మదర్శిని కింద ఒక ఈస్టు కణం,
రొట్టెపిండిని పొంగించే ఆ ఈస్టే,
పక్కన బుడిపె కట్టి, ఉబ్బి, పిల్లను కంటుంది.
సూదిమొనతో పిల్లను దూరంగా జరపాలి.
తల్లి నంబరు ఎదుట ఒక గీత గీయాలి.
గంటన్నరకు మళ్ళీ.
మంత్రసాని పనే, అంది,
కాకపోతే మనం బిడ్డను పారేసి
తల్లిని లెక్కపెట్టుకుంటాం.

తార్తూలో అది ఎనభై ఆరు చలికాలం.
కిటికీ కింద గడ్డకట్టిన నది,
మా భాషలో దాని పేరుకు తల్లి ఏరని అర్థం.
ఆ మాట మీద నేనొక జోకు వేశాను.
ఆమె గడియారం చూసుకుంది.

సగటున ఇరవై ఐదు కాన్పులు.
ఆపైన తల్లి గరుకుబారి, ఒకచోట ఆగిపోతుంది.
రంగు వేసి చూస్తే ఒళ్ళంతా నీలంగా వెలిగే ఉంగరాలు,
బిడ్డకొక మచ్చ.
చెడిపోయిన ప్రొటీన్ల ముద్దల్ని
తనలోనే అట్టేపెట్టుకుని
బిడ్డను శుభ్రంగా, సున్నా వయసుతో పంపుతుందట.
అట అన్నది నేను.
ఆమె అట అనదు, కుర్చీ ఖాళీ చేసి చూడమంటుంది.

తొంభై రెండు జనవరి. దేశం కొత్తది,
వేడినీళ్ళ గొట్టాలు చల్లబడ్డాయి.
రాత్రుళ్ళు తల్లుల్ని నిద్రపుచ్చే ఫ్రిజ్ ఆగిపోతే
గదే ఫ్రిజ్ కన్నా చల్లగా ఉంది కనుక
పళ్ళాల్ని బల్ల మీదే వదిలేశాం.
పొద్దున్నే కోటులోపల పొట్టకు ఆనించుకుని
లేపాం వాటిని, పొదుగుకోళ్ళలా ఇద్దరం.
ఆ ఏడాది ఒక్క గీతా తప్పలేదు.

తప్పింది తర్వాత.
ఒక రకం తల్లులు నలభై దాటుతున్నాయని,
ఒకటి అరవై ఒకటి కన్నదని రాశాం.
బెర్గెన్ నుంచి, ఒసాకా నుంచి ఉత్తరాలు.
అక్కడెవరికీ ముప్పై దాటలేదు.
మూడేళ్ళు వెతికితే దొరికింది:
రాత్రి షిఫ్టులో, కళ్ళలో వత్తులు వేసుకున్నా మూతబడి,
నేను తల్లిని పారేసి బిడ్డను ఉంచుకున్నాను.
ఒక్కసారి కాదు.
వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటూ ఆమె రాసిన ఉత్తరం
నాలుగు వాక్యాలు. లెక్క నాది, పొరపాటు నాది.
నా పేరు లేదు.
తర్వాత ఏడేళ్ళు ఆమెకు డబ్బిచ్చినవాళ్ళు లేరు.
నా జీతం మాత్రం ఎలాగో వచ్చేది.

ఆమె తల్లి సైబీరియాలో ఏడేళ్ళుండి
తిరిగొచ్చి, నలభై మూడో ఏట కన్న చివరి బిడ్డ హెల్యు.
అక్కడి సంగతి ఆ తల్లి నోరు మెదపలేదు.
రొట్టె కోసిన బల్ల మీద తుంపుల్ని
తడివేలితో అద్దుకుని తినేది, అంతే.

ముసలి తల్లుల చివరి పిల్లలు
పుట్టుకతోనే కొంత ముసలివని మా పళ్ళాల్లోనూ తేలిన రోజు
కొంత అంటే ఎంత, అని అడిగాను.
నూటికి ముప్పై, అటూ ఇటుగా, అంది
బల్ల మీది రొట్టె తుంపును వేలితో అద్ది
నోట్లో వేసుకుంటూ.

ఇప్పుడు తాన్నెల్ తెచ్చిన యంత్రం ఉంది.
సన్నటి కాలువల్లో తల్లులు చిక్కుకుంటాయి,
పిల్లలు నీళ్ళతో కొట్టుకుపోతాయి,
కెమెరా లెక్కపెడుతుంది.
హెల్యు దాని చుట్టూ ఒకసారి తిరిగి
నా వైపు చూసి, ఇది కునుకు తీయదు కదా, అంది.
ముప్పై ఆరేళ్ళలో ఆమె వేసిన జోకు అదొక్కటే.

ఈ రోజు ఆమె ఆఖరి రోజు.
కింద హాల్లో బకెట్ల నిండా పూలు, కేకు,
ఉపన్యాసం మడతపెట్టి జేబులో పెట్టుకున్న డీన్.
పైన ఒక పళ్ళెం మిగిలింది.
పద్నాలుగో తల్లి, ఇరవై ఐదు గీతలు,
అంచున బుడిపె ఉందా లేదా అన్నంత.
చచ్చిందని రాసేద్దామా, అన్నాను.
కోటు వేసుకున్నదల్లా ఆగి
ఇంకో గంటన్నర చూద్దాం, అంది,
కుర్చీ నా వైపు జరిపి.