వెయ్యినూటపదహారు నంబరు కారు

మూడు లాంతర్ల దగ్గర మా ఫోటోల కొట్టుకి
ఇప్పిలి సన్యాసప్పుడు పని లేనప్పుడు వస్తాడు.
పని లేక పదకొండేళ్ళయింది.

చదువు రాదు. బానెట్లు చదువుతాడు.
చెదలు తినగా మిగిలిన పెళ్ళి ఫోటోలో
మేళగాళ్ళ భుజాల వెనక
అగ్గిపెట్టెంత లారీ ముక్క.
"ఫార్గో" అంటాడు.
"డాడ్జీకి తోడబుట్టింది. మొకం ఒకటే, పేరే ఏరు."
నెల్లిమర్ల మిల్లు గేటు ముందు
గోగునార బేళ్ళు మోస్తూ వంగిపోయింది బెడ్‌ఫోర్డ్.
టాటా ముక్కు మీద నక్షత్రం ఉందా లేదా,
దాన్ని బట్టి సంవత్సరం చెబుతాడు
పంచాంగం చూసినట్టు.
వెనక పొయ్యి కట్టుకున్న బస్సు కనబడితే మాత్రం
కళ్ళద్దాలు తీసేస్తాడు.
"బొగ్గు బస్సు. సాలూరు ఘాటీ ఎక్కలేక
జనాన్ని దింపి తోయించీవోరట.
టిక్కెట్టుకి డబ్బులిచ్చి మరీ తోసినాడు మా అయ్య."

ఫోటో వెనక నేను పెన్సిల్‌తో రాసుకుంటాను.
పెళ్ళికొడుకు ఎవరో చెప్పేవాళ్ళు లేరు.
లారీ పేరు తెలిసింది, చాలు.

ఆషాఢంలో ఒకరోజు
గజపతినగరం నుంచి గెంబలి సుగుణ వచ్చింది,
రేషన్ కార్డు కవర్లో ఒక ఫోటో.
"మా తాతకి కారుండేదండీ.
ఏ కంపెనీయో రాసిస్తే
పెద్దది చేయించి గోడకి పెడతాం."
మిల్లులో రాత్రి షిఫ్టు మనిషి ఆ తాత.
స్టీరింగు మీద రెండు చేతులు,
పక్కన నాయనమ్మ, మధ్యలో గుంటడు.

సన్యాసప్పుడు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు.
టీ మీద మీగడ కట్టింది.
ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.
మర్నాడూ అంతే.
మూడోనాడు భూతద్దం అడిగాడు.
తెలీదని ఒప్పుకోడానికి
మొహమాటపడుతున్నాడనుకున్నాను.

నాలుగోనాడు గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.
"దీపాలు ఆస్టిన్‌వి. పళ్ళు షెవర్లేవి.
మడ్‌గార్డు ఫోర్డుది.
తలుపు పిడి ఏ బండిదీ కాదు, బీరువాది.
సూడు బాబూ, నీడేదీ?
ముగ్గురెక్కితే టైరు
నేల కాడ కాసింత పొట్ట దించాల.
ఇది గాజులాగ గుండ్రంగా నిలబడిపోనాది."

అప్పుడు కనబడింది నాకు నంబరు ప్లేటు,
ఇన్నాళ్ళూ కళ్ళముందే ఉన్నది:
ఒకటి, ఒకటి, ఒకటి, ఆరు.
ఎవరో చదివించినట్టు.

సిరిమాను జాతర. గుడారంలో స్టూడియో.
చెక్క మీద రంగుల కారు,
దాని వెనక ఒక బల్ల.
బొమ్మ వేసినవాడు రోడ్డు పక్కన నిలబడి
పోయే ప్రతి బండి నుంచీ ఒక్కో ముక్క
చూపుతో ఊడదీసుకుని ఉంటాడు.
"నానూ అంతే" అన్నాడు సన్యాసప్పుడు.
"దాంది దీనికేసి, దీంది దానికేసి
బతికీసినాను గదా."

తర్వాత భూతద్దం నా చేతికిచ్చి
ఒకచోట వేలు పెట్టాడు.
నాయనమ్మ చెయ్యి.
గుంటడి చొక్కా వెనకనుంచి పిడికిట్లో పట్టుకుంది,
గతుకొస్తే పడిపోతాడని.

"ఏం రాయమంటావు?" అన్నాను.
"అడిగిందేటి? కంపెనీ కదా. రాసీ."
పెన్సిల్ చెక్కడానికే చాలాసేపు పట్టింది.

శనివారం సుగుణ వచ్చింది.
వెనక్కి తిప్పి చదువుకుంది:
*తయారీ విజయనగరం.
చేసింది ఒక్కటే.*
ముందుకు తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది.
బయట ఆటో ఒకటి ఆగి, మనసు మార్చుకుని పోయింది.

"అంటే, ఇలాంటిది ఇంకోటి
ఎక్కడా దొరకదన్నమాట"
అంది చివరికి, నావైపు చూడకుండా.

"దొరకదమ్మా" అన్నాడు మూల స్టూలు మీంచి సన్యాసప్పుడు.
"స్పేరు పార్టులు కూడా దొరకవు.
జాగర్త."