రైట్ చెప్పే ముందు

ముప్పై రెండేళ్లు
టెక్కలి నుంచి మెళియాపుట్టి మీదుగా పాతపట్నం
నిలబడే వెళ్లాను, నిలబడే వచ్చాను.
ఎడం చంకలో తోలుసంచి, వేళ్ల సందున మడత నోట్లు,
చెవి మీద పెన్సిలు.
కమ్మీ పట్టుకున్న పాపాన పోలేదు.
గేదె అడ్డమొచ్చిందని డ్రైవరు దానేసు బ్రేకు తొక్కితే
బస్సంతా ముందుకు తూలేది,
నేనొక్కణ్ణీ చిల్లర లెక్కపెట్టుకుంటూ ఉండేవాణ్ణి.

అలాంటివాణ్ణి
మొన్న కార్తీకంలో, తెల్లారగట్ల మూడింటికి,
పెరట్లో కుళాయి దగ్గర పడ్డాను.
బ్రేకు లేదు, మలుపు లేదు.
కదలని నేల మీద.

మణికట్టు విరిగింది. అది అతుక్కుంది.
భయం మాత్రం తుంటిలో సీటు పట్టుకుని కూచుంది,
ఏ స్టాపులోనూ దిగదు.

"పడిపోతానని కూకుండిపోతే
కాళ్లు సచ్చుబడి మరీ పడతావు తాతా" అంది
ఆస్పత్రిలో ఫిజియో గుంట, లోలాక్షి.
నా భుజానికి రాదు, గొంతు మాత్రం కాంప్లెక్సు మైకు.
హవాయి చెప్పులు పారేయించింది.
రాత్రి పెరటి లైటు ఆర్పొద్దంది.
మెలకువ రాగానే లెగిసి పరిగెత్తకు,
మంచం అంచున కాసేపు కూకో అంది.
గోడకి ఆనించిన కుర్చీ చూపించి
చేతులు గుండెల మీద కట్టుకుని లెగమంది.
కూకోమంది. మళ్లీ లెగమంది. పదిసార్లు.
నాలుగోదానికే తొడలు వణికాయి,
ఘాట్ ఎక్కలేక మూలిగే మా పాత బండిలా.

ఇంటి దగ్గర వంటగట్టు పట్టుకుని
మునివేళ్ల మీద లేస్తాను, మెల్లగా మడమలు దించుతాను.
పప్పు ఉడికేలోపు ఇరవై.
మా సూరీడమ్మ గచ్చు మీద సుద్దముక్కతో గీత గీసింది.
దాని మీద బొటనవేలికి మడమ ఆనించి నడవాలి.
"తాగొచ్చినోడి లాగున్నావు" అని నవ్వుతుంది,
నవ్వుతూనే రెండు చేతులూ చాచి వెనకాలే వస్తుంది.

ఒంటికాలి మీద పది లెక్కపెట్టాలట.
ఒట్టి అంకెలు నాకు రుచించవు, స్టేజీలు లెక్కపెడతాను.
మొదటివారం టెక్కలి ఊరు దాటలేదు.
ఇప్పుడు మెళియాపుట్టి దాకా వెళ్తాను.

అక్కడ ఆగిపోతాను.

ఒక ముసలామె. పేరు అడగలేదు.
చింతపండు బుట్టతో దిగుతోంది,
ఒక కాలు మెట్టు మీద, ఒకటి గాల్లో.
బండి పావుగంట లేటు. "రైట్" అన్నాను.
చింతపండు రోడ్డంతా.
"సూసుకోవద్దేటి?" అన్నది కూడా నేనే.
వంగి ఏరుకుంటూ ఆమె తలెత్తలేదు,
దానేసు గేరు మార్చాడు,
నేను తరవాతి టికెట్టు చింపాను.

ఆ ఒంటికాలి క్షణం ఎంత పొడుగో
డెబ్బై మూడేళ్లకి
రోజూ రెండుపూటలా కొలుస్తున్నాను:
కుడికాలు పది. ఎడమకాలు ఏడు,
బాగున్న రోజున ఎనిమిది.

నిన్న చెకప్‌కి బస్సెక్కాను.
కమ్మీ పట్టుకున్నాను. గట్టిగానే.
దిగేటప్పుడు కండక్టరమ్మాయి
విజిలు పెదాల మధ్య పెట్టుకుని
ఊదకుండా నా పాదాల వంక చూస్తోంది.
వెనకెవరో "బేగి, బేగి" అంటున్నారు.
ఆమె వినిపించుకోలేదు.

ఒకటి నేల మీద ఆనింది.
రెండోది
వస్తోంది.