తూకం పుస్తకం

కంపెనీ మొదలైన రోజు ఆస్తి ఇది:
ఎవరి యుద్ధంలోనో అరిగిపోయిన ఒక డీసీ-త్రీ,
వరిమిల్లువాళ్ళు పనికిరాదని పారేసిన కాటా,
నేను.

విమానం మీది అప్పు ఎలియేసెర్ బుయిత్రాగోది, కాటా వాళ్ళ మామగారిది.
నాకు పంతొమ్మిది. అంకెలు గుండ్రంగా రాస్తానని
పుస్తకం నా చేతికిచ్చారు.

వియావిసెన్సియో దాటితే అప్పట్లో రోడ్డు లేదు.
గడ్డి, గడ్డి, తర్వాత అడవి.
వానల్లో నది వీధుల్లోకొస్తుంది,
ఎండల్లో పడవలు ఇసుకలో కూలబడతాయి.
అవతల ఎవరి కూరలో ఉప్పు తగ్గినా
పైనుంచే దిగాలి.

అందుకని తూచాను.
బీరు పెట్టెలు, డీజిలు పీపాలు,
పళ్ళ డాక్టరు కుర్చీ, కాళ్ళు కట్టేసిన ఆబోతు,
కోడిపిల్లలు (కుదురుగా ఉండవు, ముల్లు ఆగి చావదు).
ఒక పెళ్ళికూతురు గౌను ఎత్తిపట్టుకుని కాటా ఎక్కి
"అంకె పైకి చదవకు అక్కా" అంది.
ఉల్లిపాయలు, ఒకటిన్నర బస్తా, అని రాశాను.

"కాటా అబద్ధమాడితే చెట్లు నిజం చెబుతాయి"
అనేవాడు కెప్టెన్ ఎర్మీన్సుల్ తోవార్,
ఆరు నెలలకోసారి తనూ ఎక్కి నిలబడి.
ఎప్పుడూ డెబ్బై ఒకటే. బూట్లతో.

రెండో విమానం పశువులమ్మి కొన్నారు.
తోక మీద కొంగ బొమ్మ. పెయింటరు కాళ్ళు మరీ పొడుగు గీశాడు,
ఊరు ఊరంతా మమ్మల్ని కాళ్ళ కంపెనీ అంది.
బుయిత్రాగో నాలుగు రోజులు మండిపడి
ఆ కాళ్ళనే బిల్లు పుస్తకాల మీద అచ్చేయించాడు.

తర్వాత తుపాకులవాళ్ళొచ్చిన ఏళ్ళు.
వాళ్ళ మూటలకు తూకం ఉండదు. పిండి అని రాశాను.
ఎన్ని కిలోలని పుస్తకం ఇప్పటికీ అడుగుతుంది.

రెండోది ఒక ఏప్రిల్ పొద్దున వెళ్ళి రాలేదు.
ఆ పేజీ ఎన్నిసార్లు కూడానో:
రెండువేల ఆరువందల పది. సరిగ్గానే ఉంది.
పిండి కూడా లేదు ఆ రోజు.
అయినా చెట్లు.

మూడో నాడు తోవార్‌ని మొదటి విమానమే తెచ్చింది,
పచ్చి పలకల పెట్టెలో.
వచ్చిన సరుకూ తూచాలని నియమం.
ఫ్లోరో పెట్టెను కాటా దాకా ఈడ్చి, ఆగి, నా మొహం చూశాడు.
వద్దన్నాను.
సరుకు గడి ఖాళీగా వదిలి
సిబ్బంది గడిలో, గుండ్రంగా, డెబ్బై ఒకటి.

మమ్మల్ని మూసింది ఆ ప్రమాదం కాదు, రోడ్డు.
ఒక్కో వంతెనా కట్టుకుంటూ తాపీగా వచ్చింది.
దాని ప్రారంభోత్సవానికి జెండాలు, కుర్చీలు
మేమే మోసుకెళ్ళాం, అరువు మీద.
ఆ బాకీ ఇంకా రావాలి.

మిగిలిన విమానం రన్‌వే చివర
రెక్కల కింద ఎవరివో మేకల్ని పడుకోబెట్టుకుంటోంది.
కాటా మా వంటింట్లో.
మొన్న ఆ పెళ్ళికూతురు లారీలో దిగింది, జుట్టంతా నెరిసి.
ఒబ్దూలియా అట, ఇన్నాళ్ళకి తెలిసింది పేరు.
ఒక సంచీ ఉల్లిపాయలు గుమ్మంలో దింపి
కాటా చూసి నవ్వి, అడక్కుండానే ఎక్కేసింది.

ముల్లు ఊగుతోంది.
నేను కళ్ళద్దాలు వెతుక్కుంటున్నాను.