ధర్మకర్త

లఫ్కిన్‌లో మార్చి నెల.
పైన్ చెట్ల పుప్పొడి రాలి
పార్కింగులో కార్లన్నీ
పసుపు రాసుకుని పేరంటానికి బయల్దేరినట్టున్నాయి.
మా పార్సిల్ కొట్టు మూలన నా నోటరీ బల్ల,
ఇంకు దిమ్మ, ఒక కాలు పొట్టి కుర్చీ.

వెర్నన్ టట్ టోపీ తీసి కూర్చున్నాడు.
నలభై ఏళ్ళు వెల్డింగు చేసిన మనిషి.
మూడేళ్ళ కింద ఇదే బల్ల దగ్గర
అతని వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని కార్డు మీద దొర్లించాను.
గీతలన్నీ నిప్పురవ్వలు తినేశాయి.
పదికి పదీ బొగ్గు మరకలే.
"మనిషిని ఎదురుగానే ఉన్నానుగా, చాలదా?"
అని నవ్వాడు అప్పుడు.
కొడుకు కోల్బీ వేళ్ళు మాత్రం ముచ్చటగా పడ్డాయి,
సుడులు లెక్కపెట్టుకోవచ్చు.
మా అమ్మమ్మ కాలంలో వేలిముద్రంటే చదువు రాదని.
ఇక్కడ, పద్దెనిమిది పేజీలూ చదివామని.

ఒక సైలెన్సరు, ఒక పొట్టి గొట్టం రైఫిలు.
వాటికో ట్రస్టు.
ఒక్కడి పేర ఉంటే, ఆ ఒక్కడూ ఊళ్ళో లేనప్పుడు
ఇనప్పెట్టె తీసిన పెళ్ళాం కూడా నేరస్తురాలే కావచ్చట.
అందుకని ముగ్గురు: వెర్నన్, ఓపల్, కోల్బీ.
నాకు తెలిసిన ట్రస్టులు వేరు.
సత్రం, గోశాల, కంటాసుపత్రి,
గోడ మీద నూటపదహార్లిచ్చిన వాళ్ళ పేర్లు.
ట్రస్టీని మా భాషలో ధర్మకర్త అంటామని చెబితే
వెర్నన్ ఆ మాటని చుట్టలా నోట్లో అటూ ఇటూ తిప్పాడు.
అర్థమేంటన్నాడు.
ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలీక
"కాపలా కాసేవాడు" అన్నాను.
"సరిపోయింది" అన్నాడు.

ఇవాళ ఒకటే కాగితం.
సవరణ. కోల్బీ పేరు కొట్టివేత,
ఆ స్థానంలో ఓపల్ చెల్లెలు రోవీనా.
నోటరీ కాగితం చదవక్కర్లేదు.
లైసెన్సు చూడాలి, సంతకం చూడాలి, మొహం చూడాలి.
మొహం చూశాను.

"వాడి మీద నమ్మకం లేక కాదు."
నేనేం అడగలేదు.
"జనవరి నుంచీ నిద్ర లేదు వాడికి.
గ్యారేజీలో లైటు వేసుకుని కూర్చుంటాడు.
మొన్న ఆదివారం
వాడి కుక్కని పక్కింటి పిల్లకిచ్చేశాడు.
గిన్నెతో సహా."

కారణం రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.
సలహా చెప్పడానికి నాకు అధికారం లేదు,
గోడ మీద బోర్డే ఉంది, రెండు భాషల్లో.
అయినా అడిగాను,
"కాగితం పేరునే కదా తీసేది. పెట్టె నంబరు?"

చాలాసేపు తన బొటనవేలు చూసుకున్నాడు.
"వాడి పుట్టినరోజు" అన్నాడు.

కలం ఒత్తి సంతకం చేశాడు, కింది కాగితం మీద అచ్చు పడేంత.
సీలు వేశాను. పది డాలర్లు.
చిల్లర లేదంటే ఇరవై ఉంచుకోమన్నాడు,
నేను పక్క కొట్టుకెళ్ళి మార్చుకొచ్చి ఇచ్చాను.
ఇంకేం చెయ్యాలో తోచక.

బయట ట్రక్కులో కూర్చుని కదల్లేదు.
వాన లేదు, వైపర్లు ఆడుతున్నాయి.
అద్దం మీద పసుపు అటు కొంత, ఇటు కొంత.
కొత్త నంబరు వెతుక్కుంటున్నాడేమో,
ఆ ఇంట్లో
ఎవరూ పుట్టని తేదీ ఒకటి.