అసభ్య పదజాలం

జుమేరాత్ బజార్‌లో ఖుద్దూస్ భాయ్ నాకోసం
విరిగిన ఫ్యాను రెక్కల కింద దాచి ఉంచుతాడు.
"మేడమ్, మీ తిట్ల తవా వచ్చింది" అంటాడు,
నలుగురూ విన్నారేమోనని చూడడు. నేనూ చూడను.
ఇది నాలుగోది. అదే ఆల్బం, అదే అట్ట,
స్పీకరు డబ్బాలెక్కి కూర్చున్న అదే ముగ్గురు కుర్రాళ్లు.
పద్దెనిమిది వందలన్నాడు.
పన్నెండుకి తెగింది.

మొదటిది మెట్టుగూడలో దొరికింది,
రైల్వే క్వార్టరు ఖాళీ చేస్తున్న లెస్లీ గారింట్లో,
క్రిస్మస్ పాటల కట్టలో కలిసిపోయి.
ఏముందో తెలియక తూకం లెక్కన కొన్నాను.
ఇంటికొచ్చి సూది పెడితే
ముందు మాట రాలేదు. ముందు నేల వచ్చింది.
అల్మారాలో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి తడుముకున్నాయి,
ఇడ్లీ రేకులు మేకు మీద ఊగాయి,
బొడ్డు వెనక ఎవరో తలుపు తట్టారు.
ఏసీ గార్డ్స్‌లో బరాత్ ముందు మర్ఫా మోగుతుంటే
నాన్న భుజం మీద కూర్చుని ఇట్లాగే అదిరాను,
ఐదేళ్లప్పుడు.
మాటలు ఆ తర్వాత వచ్చాయి.

ఆ మాటలు నాకు కొత్తేం కాదు.
నాంపల్లి క్రిమినల్ కోర్టులో ఇరవై రెండేళ్ల టైపిస్టుని.
బోనులో నిలబడి ఆడవాళ్లు చెప్తారు
వాడేమన్నాడో, పొల్లు పోకుండా,
ఒకామె గొంతు తగ్గించి, ఒకామె తలెత్తి,
ఒక ముసలమ్మ వాడి వైపే వేలు చూపిస్తూ.
నా వేళ్లు మాత్రం ఒకటే కొడతాయి:
"అసభ్య పదజాలంతో దూషించి".
ఆ రెండు మాటల కింద ఎన్ని పూడ్చానో.
దాన్నీ రికార్డే అంటారు.

రెండో ప్రతి అందుకే కొన్నానేమో.
రేడియో కోసం ఉతికి ఆరేసిన ప్రతి అది.
బూతు ఉన్న ప్రతిచోటా ఒక గుంట.
దరువు నడుస్తూనే ఉంటుంది, నోరు తెరుచుకుంటుంది, గాలి.
కింద వాటా ఉత్పల పైకొచ్చి
"ఇది నయం అక్కా, పిల్లలున్నరు, ఇదే పెట్టు" అంది.
నాకేమో గుంటల్లోనే ఎక్కువ వినబడింది.
చిలకలగూడ నల్లా కాడ
బిందె జరిపినోడి ఏడు తరాలనెత్తిన మా నాయనమ్మ
తెగిన ప్రతి చోటా
అచ్చంగా అతికింది.

ఇక నవ్వు సంగతి.
రెండో వైపు, మూడో పాట.
ముగ్గురూ కలిసి ఒక ఆడదాన్ని నిలువునా చీల్చి ఆరేస్తారు.
వాళ్లని వెనకేసుకొస్తావా అంటే, లేదు.
ఒక్కోరోజు సూది ఎత్తేస్తాను. ఒక్కోరోజు ఎత్తను.
దరువాగాక, గాడి అయిపోయే ముందు,
గదిలో ఎక్కడో వెనక ఒకామె నవ్వుతుంది.
మూడు సెకన్లు.
మురిసీ కాదు, బెదిరీ కాదు,
గోళీసోడా కొట్టినట్టు.
అట్ట మీద పేరు లేదు.
టీ తెచ్చిందో, మీట నొక్కిందో, వాళ్లలో ఎవరి అక్కో.

ఉతికిన ప్రతిలోనూ ఉంది.
తిట్లన్నీ పోయాక
దేనికి నవ్వుతోందో తెలియని పిచ్చిదానిలా.

మూడోది ఈమధ్య మళ్లీ అచ్చేసింది,
రూహ్ అఫ్జా రంగు, దోసె పెనమంత బరువు.
"ఒక్క మాటా తీయలేదు" అని బంగారు బిళ్ల.
నిజమే, తీయలేదు. బూతులన్నీ భద్రం.
పాటని కాస్త ముందే ముగించారు, అంతే.

ఖుద్దూస్ భాయ్ దుమ్ము ఊది ఇచ్చాడు.
ఆఖరి గాడి దాటాక ఉండే నున్నటి నలుపులో
సూదితో గీకిన అంకెలుంటాయి.
ఎండకి వంచి చదివాను.
లెస్లీ గారి దానికన్నా ఒకటి తక్కువ.
అంటే అంతకన్నా ముందుది.
నవ్వు ఇందులో ఇంకాస్త పొడుగుండొచ్చు.
నవ్వి, ఆమె ఏదో అని ఉండొచ్చు.

ఇంకా పెట్టి వినలేదు.
అఫ్జల్‌గంజ్ బస్టాపులో వాన.
చీర కొంగు చుట్టి పొట్టకి ఆనించుకున్నాను.
సీటు కింద రెండు ఊఫర్లతో ఆటో ఒకటి
నీళ్లు చిమ్ముకుంటూ పోయింది,
ఏం పాటో, ఏం భాషో తెలియలేదు.
కొంగు లోపల అట్ట వణికింది.