ఏడో సొరుగు

విల్నియస్‌లో మా నిఘంటువు ఆఫీసు మూడో అంతస్తు.
హీటరు సరిగా పనిచేయని గదిలో
'ర' అక్షరానికి పదకొండు సొరుగులు.
ఏడోదాంట్లో ఒక్క మాటకే
నూట నలభై రెండు చీటీలు.
రాగన.

మంత్రాలు వేసేదని అర్థం. సరే.
కానీ ఈ మాటని కన్నదెవరో తేలలేదు.
'రెగేతి' అంటే చూడ్డం,
చూడగలిగేది రాగన, అంటారు ఒక పండితుడు.
'రాగస్' అంటే కొమ్ము,
కొమ్ములున్నది రాగన, అంటారు ఇంకొకాయన.
ఇరవయ్యేళ్లుగా ఆ ఇద్దరూ
ఒక బల్ల దగ్గర టీ తాగలేదు.
ఇద్దరికీ చీటీలు అందించేదాన్ని నేను.
నాకు తోచింది ఇదీ:
ముందు ఆమె చూసింది.
చూసినందుకు,
'నీకేమన్నా కొమ్ములున్నాయా' అని
వాళ్లే మొలిపించారు.
నన్నెవరూ అడగలేదు లెండి.

చీటీలంటే అన్నీ చీటీలు కావు.
పాలకేంద్రం పద్దు పుస్తకంలోంచి చింపిన కాగితం,
సిగరెట్టు పెట్టె అట్ట,
పల్లెటూరి పంతులమ్మ గుండ్రటి చేతిరాత.
"ఆవు పాలు విరిగాయి. కస్తాంత్సియ రాగన."
"పులిపిరి రాలిపోయింది. కస్తాంత్సియ పిన్ని చెయ్యి చల్లన."
ఒకే ఊరు, ఒకే మనిషి,
రెండు తేదీల మధ్య పద్దెనిమిది రోజులు.

"రాగన వచ్చింది, నీళ్లు కాచండి."
ఇది పురిటింటి గుమ్మంలో విన్న మాట.

"బంగాళాదుంపలు పెట్టవే రాగనా."
కింద సేకరించినాయన గమనిక: ప్రేమగా అన్నాడు.
దాని పక్కన వేరే సిరాతో ఎవరో:
నీకెలా తెలుసు?

మా భాషలో మగ మాటకి తోక తగిలిస్తే
ఆడ మాట అవుతుంది,
వైద్యుడైనా, నేతగాడైనా, దొంగైనా.
ఇక్కడ మాత్రం తిరగబడింది.
రాగన ముందు. రాగన్యుస్, ఆ మగ మంత్రగాడు,
ఆవిడ కొంగు పట్టుకుని తరవాత వచ్చాడు.
మంటల దగ్గరికొచ్చేసరికి
ఎక్కడ వెనకపడ్డాడో!

మంటల చీటీ మా దగ్గర లేదు.
అప్పటి కోర్టు గుమాస్తాలు రాసింది మా భాషలో కాదు.
ఊరంతా ఒక మాట అరిస్తే
దస్తావేజులో పరాయి మాట పడింది.
కట్టెలు ఎన్ని బళ్లో మాత్రం
అంకెల్లో రాసుంటారు.

ఈ పొద్దున నా మొగుడు వైదోతస్
కళ్లద్దాల కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు.
స్టవ్ ముందునించి కదలకుండా
"రొట్టెల డబ్బాలో" అన్నాను.
మూత తెరిచిన చప్పుడు.
కాసేపు ఏమీ లేదు.
తరవాత, "రాగన."

నూట నలభై మూడో చీటీ రాశాను.
చోటు: మా వంటిల్లు.
పలికినవారు: వైదోతస్, యాభై ఆరు, బస్సు మెకానిక్.
అర్థం అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది.
నవ్వుతూ అన్నాడో ఎలా అన్నాడో,
నేను తల తిప్పి చూడలేదు.