మెరవని నలుపు

నర్సాపురం రేవుకెళ్ళే దారిలో
సైకిల్ షాపు మీద మేడగది నాది.
కింద పంక్చర్ల సొల్యూషన్ వాసన,
పైన బొగ్గు.

పెన్సిళ్ళు హార్లిక్స్ సీసాలో, ములుకులు పైకి.
హెచ్ ఉందే, అది పిసినారి.
కాగితానికి గాడి పడేలా నొక్కినా
బూడిద రంగు దాటి పైసా ఇవ్వదు.
కనుబొమ్మ ఎక్కడ, పెదవి మూల ఎక్కడ,
సరిహద్దు రాళ్ళు పాతడానికే అది.
టూ బీ నెమ్మదస్తురాలు,
ముఖంలో సగం చాకిరీ దానిదే.
సిక్స్ బీ మాత్రం చెక్కేలోపే సగం అరిగిపోతుంది.

శ్రావణంలో కాగితం మాట వినదు.
కాలవ గాలి, చెరువుల గాలి, సముద్రం గాలి
మూడూ కలిసి దాన్ని అప్పడంలా వంచుతాయి.
చుట్టచుట్టి బియ్యం డబ్బాలో దాస్తాను.
అన్నంలో కాగితం వాసనొస్తోందని
మా ఆవిడ ఏటా అంటుంది.

మొన్న నాగవేణి వచ్చింది, రేషన్ కార్డు పట్టుకుని.
బొటనవేలి గోరంత ఫోటోలో వాళ్ళమ్మ కాసులమ్మ,
ఎడం బుగ్గ నిండా ఆఫీసు ముద్ర.
"ఎండురొయ్యలు అమ్మేదండి, మీకు తెలుసు కదండి.
సంవత్సరీకానికి కావాలండి.
కొంచెం తెల్లగా వెయ్యండి."

తెల్లగా అంటే కాగితం వదిలెయ్యడమే తల్లీ,
నేను వదిలేసినచోట మీ అమ్మ ఉండదు
అందామనుకున్నాను.
అడ్వాన్సు తీసుకున్నాను.

వానకి తడిసిన తాటిమొద్దు రంగు కాసులమ్మది.
సిక్స్ బీతో మొదలెట్టాను.
వేసినకొద్దీ నలుపు రాలేదు, మెరుపొచ్చింది.
ట్యూబులైటు కింద పక్కకి వంచి చూస్తే
ఆ బుగ్గ రేకు డబ్బాలా తళతళమంది.
పెన్సిలుకి ఆ జబ్బుంది,
నలుపు ముదిరితే అద్దమైపోతుంది.

అట్ట తిరగేసి, బొగ్గు తీశాను.

గనిరాజు మాస్టారు నేర్పిన వంట అది.
చిటికెన వేలికంటే సన్నటి చింతపుల్లలు,
తొక్క గీరి, డాల్డా డబ్బాలో కూరి,
మూతకి బంకమట్టి మెత్తి, సూది బెజ్జం వదిలి,
ఊక పొయ్యిలో ఓ రాత్రి.
బెజ్జంలో పొగ ఆగాక కూడా, చల్లారేదాకా
చెయ్యి పెట్టకూడదు.
ఆత్రంగా తీశావా, బూడిద.
బల్ల మీద వేస్తే గాజు ముక్కలా మోగాలి.

"వేలితో పులమకురా,
నీ జిడ్డు అక్కడే కాపురం పెడుతుంది"
అనేవారు మాస్టారు.
అందుకే ఉతికి ఉతికి పొర తేలిన పంచె ముక్క.
దాంతో అద్దితే బొగ్గు గుమ్మున కూర్చుంది,
గదిలో వెలుతురంతా తాగేసి
తిరిగి చుక్క కూడా కక్కలేదు.
ముద్దరబ్బరు పిసికి, మొన తీసి,
చెంప ఎముక మీంచి కాస్త, ముక్కుపుడక మీంచి కాస్త
నలుపు ఎత్తాను.

ముద్ర కింద ఏముందో తెలియలేదు.
ఆరేళ్ళు కొన్నాను ఆవిడ దగ్గర.
తల మీద గంప, దాన్ని పట్టుకున్న ఎడం చెయ్యి,
మోచేతి చాటున ఆ బుగ్గ.
కొసరు గుప్పెడు గుర్తుంది,
బుగ్గ ఎప్పుడూ చూడలేదు.

కబురంపితే నాగవేణి
రొయ్యల షెడ్డు నుంచి అలాగే వచ్చింది,
ఐసులో నానిన వేళ్ళతో.
బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.
తెల్లగా అన్న మాట ఎత్తలేదు.

"దవడపన్ను పీకించుకుందండి ధర్మాసుపత్రిలో.
ఇదిగో, ఇక్కడ, సొట్ట."

ముట్టుకోకమ్మా అనేలోపే
వేలు ఆనించేసింది.
తడి వేలు. బొగ్గు లేచి వేలికంటుకుంది,
బుగ్గలో సన్నటి గీతలు గీతలుగా
ముద్ర దిగింది.

రబ్బరు అందుకున్నాను.
మళ్ళీ సీసా పక్కన పెట్టేశాను.

ఫ్రేముల వీరాస్వామికి మాత్రం గట్టిగా చెప్పాను,
నాలుగు వైపులా బద్ద వేసి
అద్దం బొమ్మకి ఆనకుండా బిగించమని.